కన్సోల్ కంపెనీలు బోల్తా పడ్డ కథల్లో మీ ప్రాజెక్టుకు ఏది తీసుకోవాలి?

పోయిన నెలలో మా మేనకోడలు ఫోన్ చేసింది. ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కెటింగ్ ప్రాజెక్టుకి "ఒక పెద్ద కంపెనీ చేసిన తప్పు" అనే అంశం ఇచ్చారట. చిన్నప్పటి నుంచి గేములంటే ప్రాణం కాబట్టి వీడియో గేమ్ కన్సోళ్ల మీదే, అంటే గేములాడే మిషన్ల మీదే చేస్తానంది. "మామయ్యా, ఆరు పేర్లు రాసుకున్నా. అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి. ఏది తీసుకోమంటావు?"

ఆ ఆరు ఇవి: సెగా సాటర్న్, సెగా డ్రీమ్‌కాస్ట్, ప్లేస్టేషన్ 3, నింటెండో 3డీఎస్, నింటెండో వీ యూ, ఎక్స్‌బాక్స్ వన్. మంచి జాబితానే. కానీ ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ఇదే ప్రశ్నతో ఉన్న విద్యార్థులు, కొత్తగా ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌లోకి వచ్చినవాళ్లు, సొంతంగా ఏదో తయారుచేసి అమ్మాలని చూస్తున్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. చాలామంది అన్నిటికంటే పేరున్న కథను ఎంచుకుంటారు. నా ఉద్దేశంలో పేరున్న కథ చాలాసార్లు ప్రాజెక్టుకు పనికిరాదు. 1982లో అటారీ అనే అమెరికా గేమ్ కంపెనీ ఈ.టీ. సినిమా మీద అయిదు వారాల్లో హడావిడిగా చేయించిన గేమ్ సంగతే చూడండి. అమ్ముడుపోని క్యాట్రిడ్జులను న్యూ మెక్సికోలోని అలమొగోర్డోలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి. కథ అద్భుతం. కానీ ఆ ఒక్క గేమే 1983లో అమెరికా గేమ్ మార్కెట్టును కూల్చిందని రాస్తే తప్పు రాసినట్టే. అప్పటికే దుకాణాల నిండా నాసిరకం గేములున్నాయి, డజను రకాల మిషన్లున్నాయి, ఇళ్లలోకి చవక కంప్యూటర్లు వస్తున్నాయి. ఇన్ని కారణాలు కలిసిపోయిన చోట విద్యార్థి నిరూపించగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

కన్సోల్ వ్యాపారం ప్రింటర్ వ్యాపారం లాంటిది. మిషన్ మీద లాభం తక్కువ, చాలాసార్లు నష్టమే. డబ్బు వచ్చేది ఇంకు మీద, అంటే గేముల మీద. బయటి కంపెనీ ఆ మిషన్ కోసం గేమ్ చేసి అమ్మితే, అమ్మిన ప్రతి కాపీకీ కన్సోల్ కంపెనీకి కొంత కట్టాలి. కాబట్టి ఈ వ్యాపారం ముక్కాలి పీట మీద నిలబడుతుంది. కొనేవాళ్లు ఒక కాలు, అమ్మే షాపులు ఒక కాలు, గేములు తయారుచేసే బయటి కంపెనీలు ఒక కాలు.

అందుకని మొదటి కొలత: దెబ్బ ఏ కాలికి తగిలింది? మీ చదువు ఏ వైపుదో దాన్నిబట్టి కేసు మారిపోతుంది. పంపిణీ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ప్రకటనల కేసు తీసుకుంటే మధ్యలో ఊపిరాడదు.

రెండోది: కారణాన్ని విడదీయగలమా? ధర, పేరు, గేముల కొరత, పోటీదారు, అన్నీ ఒకేసారి పనిచేసిన కేసులో "ఇదే కారణం" అని చెప్పడం కష్టం. తేదీలు వేరువేరుగా ఉన్న కేసులో తేలిక.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: తర్వాత అదే కంపెనీ ఏం చేసింది? తప్పు చేసి మూతపడ్డ కంపెనీ దగ్గర మనకు సగం కథే దొరుకుతుంది. తప్పు చేసి, దాన్ని దిద్దుకుని, ఫలితం చూపించిన కంపెనీ దగ్గర పోల్చడానికి రెండో సగం కూడా ఉంటుంది.

నాలుగోది అంకెలు. నింటెండో తన మిషన్లు, గేముల అమ్మకాల లెక్కలను క్రమం తప్పకుండా బయటపెడుతుంది. మైక్రోసాఫ్ట్ 2015 చివరి నుంచి ఎన్ని ఎక్స్‌బాక్సులు అమ్మిందో చెప్పడం మానేసింది. గ్రాఫులు గీయాల్సిన ప్రాజెక్టుకి ఈ తేడా చాలా పెద్దది.

| కేసు | అసలు తప్పు | ముందు దెబ్బతిన్నది | కారణం విడదీయడం | దిద్దుబాటు | అంకెలు |
|---|---|---|---|---|---|
| సాటర్న్, 1995 | చెప్పకుండా ముందే అమ్మకం | షాపులు, గేమ్ కంపెనీలు | ఫర్వాలేదు | జరగలేదు | తక్కువ |
| డ్రీమ్‌కాస్ట్, 1998-2001 | పాత తప్పుల భారం | కంపెనీయే | కష్టం | సమయం చాలలేదు | మధ్యస్థం |
| ప్లేస్టేషన్ 3, 2006 | ధర, క్లిష్టమైన చిప్ | కొనేవాళ్లు, డెవలపర్లు | కష్టం | మూడేళ్లు పట్టింది | బాగున్నాయి |
| 3డీఎస్, 2011 | ధర | తొలి కొనుగోలుదారులు | తేలిక | అయిదు నెలల్లో | చాలా బాగున్నాయి |
| వీ యూ, 2012 | పేరు, పరిచయం చేసిన తీరు | కొనేవాళ్లు | మధ్యస్థం | తర్వాతి మిషన్‌లో | చాలా బాగున్నాయి |
| ఎక్స్‌బాక్స్ వన్, 2013 | నియమాలు, చెప్పిన పద్ధతి | కొనేవాళ్లు | ఫర్వాలేదు | నెల తిరక్కుండానే కొంత | తక్కువ |

## సెగా సాటర్న్: సరుకు అందని షాపులు

1995 మే 11. లాస్ ఏంజెలెస్‌లో గేమ్ కంపెనీలన్నీ కొత్త సరుకు చూపించే ఈ3 ప్రదర్శన, మొట్టమొదటిది. సాటర్న్ అమెరికాలో సెప్టెంబరు 2న వస్తుందని సెగా అప్పటికే అందరికీ చెప్పి ఉంది. ఆ రోజు వేదిక ఎక్కిన అమెరికా విభాగం అధిపతి టామ్ కాలిన్‌స్కీ, సాటర్న్ ఇప్పటికే షాపుల్లోకి వెళ్లిపోయిందని, ధర 399 డాలర్లని ప్రకటించాడు. సోనీ ప్లేస్టేషన్ సెప్టెంబరులో వస్తోంది. దానికంటే నాలుగు నెలలు ముందుండాలన్నది జపాన్‌లోని సెగా పెద్దల పట్టుదల.

కొన్ని గంటలు తిరక్కుండానే సోనీ వంతు వచ్చింది. సోనీ అమెరికా గేమ్ విభాగం అధిపతి స్టీవ్ రేస్ వేదిక మీదికి వచ్చి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. ఈ కథ చెప్పేవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. వంద డాలర్ల తేడా, చప్పట్లు, కథ కంచికి. కానీ అసలు విషయం షాపుల దగ్గర జరిగింది.

ముందే విడుదల చేయడానికి సెగా దగ్గర సరిపడా మిషన్లు లేవు. ఉన్నవాటిని నాలుగు గొలుసు దుకాణాలకే పంపింది. వాల్‌మార్ట్, బెస్ట్ బై, కేబీ టాయ్స్ లాంటివాళ్లకు సరుకూ లేదు, కబురూ లేదు. కేబీ టాయ్స్‌కి ఒళ్లు మండి సెగా సరుకునే పక్కన పెట్టేసింది. సెప్టెంబరుకు గేములు సిద్ధం చేసుకుంటున్న బయటి కంపెనీలదీ అదే పరిస్థితి. మొదటి నెలల్లో కొన్నవాళ్లకు దాదాపు సెగా సొంత గేములే దిక్కయ్యాయి. ఒక్క ప్రకటనతో పీటకున్న రెండు కాళ్లు విరిగాయి.

మా బావగారికి తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. ఈ కథ చెప్తే ఆయన క్షణం ఆలోచించలేదు. "ఎదురు షాపుకి సరుకిచ్చి నాకు ఇవ్వకపోతే, ఆ కంపెనీ బోర్డు కూడా నా గుమ్మానికి పెట్టను" అన్నారు. ఏ గేమూ ఆడని మనిషికి కూడా ఒక్క నిమిషంలో ఎక్కిందంటే ఈ కేసు బలం అర్థమవుతుంది. పేరు గేమ్ మిషన్‌దే అయినా ఇది డీలర్ల నమ్మకం కథ. పెయింట్లు, పంపుసెట్లు, సెల్‌ఫోన్లు ఏవి అమ్మేవాళ్లకైనా వర్తిస్తుంది.

చిక్కులు కూడా చెప్పాలి. సాటర్న్ దెబ్బతినడానికి ఆ మే నెల ఒక్కటే కారణం కాదు. లోపల రెండు ప్రాసెసర్లు పెట్టడంతో దానికి గేములు రాయడం కష్టమైంది. అంతకు ఆరు నెలల ముందే, 1994 నవంబరులో, సెగా 32ఎక్స్ అనే అదనపు పరికరాన్ని 159 డాలర్లకు అమ్మింది. దాని గేములు సాటర్న్‌లో ఆడవు. అది కొన్నవాళ్ల గుండె ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. మొత్తం మీద ప్రపంచమంతా కలిపి సాటర్న్ సుమారు 92 లక్షలు అమ్ముడైంది. మొదటి ప్లేస్టేషన్ 10 కోట్లు దాటింది.

## డ్రీమ్‌కాస్ట్: విడిగా తీసుకోకండి

దీన్ని ఒంటరిగా ప్రాజెక్టుగా తీసుకోవద్దని నా గట్టి సలహా. ఎందుకంటే ఇందులో మార్కెటింగ్ తప్పు పెద్దగా లేదు. 1999 సెప్టెంబరు 9న, అంటే 9-9-99న, 199 డాలర్లకు అమెరికాలో దిగింది. తేదీ గుర్తుండిపోయేది, ధర అందేది, మంచి గేములున్నాయి, ఆన్‌లైన్ ఆట కోసం మోడెమ్ లోపలే ఉంది. మొదటి రోజు అమ్మకాలు దాదాపు 10 కోట్ల డాలర్లు. అయినా 2001 జనవరి చివర్లో ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించి, సెగా మిషన్ల వ్యాపారంలోంచే తప్పుకుంది.

ఎందుకు? డీవీడీ ఆడే ప్లేస్టేషన్ 2 వస్తోందని జనం ఆగారు. క్రీడల గేముల్లో తిరుగులేని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సెగా వైపు చూడలేదు. 32ఎక్స్, సాటర్న్‌లతో చేతులు కాల్చుకున్నవాళ్లు మళ్లీ నమ్మడానికి వెనకాడారు. సాటర్న్ కేసు తీసుకున్నవాళ్లు దీన్ని చివరి అధ్యాయంగా కలుపుకుంటే చాలా బలం వస్తుంది. నమ్మకం పోగొట్టుకున్న ఖర్చు ఆ సంవత్సరం లెక్కల్లో కాకుండా నాలుగేళ్ల తర్వాత బయటపడిందని చూపించవచ్చు.

## ప్లేస్టేషన్ 3: ఎవరి లెక్కలో తప్పు?

2006 నవంబరులో సోనీ రెండు రకాలు తెచ్చింది. 20 జీబీది 499 డాలర్లు, 60 జీబీది 599. ఏడాది ముందే వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 ధర 299 నుంచి మొదలైంది. అదే నెలలో వచ్చిన నింటెండో వీ 249. ఇంత ధర పెట్టినా సోనీకి ప్రతి మిషన్ మీదా నష్టమే. ఐసప్లై అనే పరిశోధన సంస్థ విప్పి లెక్కగడితే 60 జీబీ మిషన్ తయారీకి 840 డాలర్ల దాకా అవుతోందని తేలింది. కారణాలు రెండు: ఐబీఎమ్, తోషిబాలతో కలిసి చేసిన సెల్ ప్రాసెసర్, కొత్తగా వచ్చిన బ్లూరే సినిమా డిస్కులు ఆడించే డ్రైవ్. సెల్ ప్రాసెసర్‌కు గేమ్ రాయడం డెవలపర్లకు తలనొప్పి అయింది కూడా.

ఫైనాన్స్, స్ట్రాటజీ చదివేవాళ్లకు ఇది బంగారం లాంటి కేసు. ఎందుకంటే "తప్పు" అనే మాట ఎవరి లెక్కపుస్తకం చూస్తున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. గేమ్ విభాగం దారుణంగా నష్టపోయింది. కానీ ప్రతి ప్లేస్టేషన్ 3 ఒక బ్లూరే ప్లేయర్. 2008 ఫిబ్రవరిలో తోషిబా బ్లూరేకు పోటీగా తెచ్చిన తన హెచ్‌డీ డీవీడీని వదులుకుంది. డిస్కుల యుద్ధం సోనీ వైపే గెలిచింది. గేమ్ విభాగం నష్టాన్ని సోనీ గ్రూపు పెట్టుబడి అనాలా, పొరపాటు అనాలా? దీని మీద మంచి విద్యార్థి యాభై పేజీలు రాయగలడు.

మార్కెటింగ్ వాళ్లకు మాత్రం ఇది కాస్త ప్రమాదం. ధర, చిప్, గేములు, బ్లూరే, ఏడాది ఆలస్యం, అన్నీ ఒకే ముద్దలో ఉన్నాయి. దిద్దుబాటు కూడా ముక్కలుముక్కలుగా జరిగింది. 2007 చివర్లో 399కి 40 జీబీ మిషన్ వచ్చింది, కానీ అందులో పాత ప్లేస్టేషన్ 2 గేములు ఆడవు. 2009 సెప్టెంబరులో 299కి సన్నటి మోడల్ వచ్చాకే అమ్మకాలు నిజంగా ఊపందుకున్నాయి. చివరికి 8 కోట్ల 70 లక్షలు దాటింది.

మన వైపు ఒక చిన్న ముచ్చట. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ హనుమంతుడి మీద ఒక ప్లేస్టేషన్ గేమ్ చేసింది. అది వచ్చింది 2009లో, ప్లేస్టేషన్ 3 కోసం కాదు, ప్లేస్టేషన్ 2 కోసం. కొత్త మిషన్ వచ్చి మూడేళ్లవుతున్నా మన మార్కెట్టుకు సోనీ పాత మిషన్ గేమునే తెచ్చిందంటే ధర ప్రభావం ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. భారత మార్కెట్ కోణం కావాలనుకునేవాళ్లు ఈ దారం పట్టుకోవచ్చు.

## నింటెండో 3డీఎస్: ఇరవై నిమిషాల ప్రెజెంటేషన్‌కు ఇదే

ఇది చేతిలో పట్టుకుని ఆడే మిషన్. అమెరికాలో 2011 మార్చిలో 249.99 డాలర్లకు వచ్చింది. అమ్మకాలు నీరసించాయి. ఆగస్టు 12న ధర 169.99కి దించారు. ఒక్కసారిగా 80 డాలర్ల కోత.

అప్పుడు మొదట కొన్నవాళ్ల సంగతేమిటి? కంపెనీని నమ్మి పూర్తి ధర పెట్టినవాళ్లే మోసపోయినట్టు అనిపిస్తుంది. ఆ మంట చల్లార్చడానికి నింటెండో వాళ్లను "అంబాసిడర్లు" అని పిలిచి ఇరవై పాత గేములు ఉచితంగా ఇచ్చింది. అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతంలో సగం కోసుకున్నాడు.

కారణం విడదీయడానికి ఈ కేసులో ఒక అరుదైన సౌకర్యం ఉంది. ధర తగ్గింది ఆగస్టులో. పెద్ద మారియో గేములు రెండు వచ్చింది నవంబరు, డిసెంబరుల్లో. కాబట్టి మధ్యలోని నెలలను విడిగా చూస్తే ధర ఎంత పనిచేసింది, గేములు ఎంత పనిచేశాయి అన్నది కొంతవరకు వేరుచేయవచ్చు. నింటెండో మూడు నెలలకోసారి ఇచ్చే లెక్కలు దగ్గరుంటే గ్రాఫ్ దానంతటదే మాట్లాడుతుంది. ఆ మిషన్ చివరికి 7 కోట్ల 50 లక్షలు దాటింది. కంపెనీ మాత్రం 2012 మార్చితో ముగిసిన సంవత్సరానికి నష్టం చూపించాల్సి వచ్చింది. దిద్దుబాటు ఉచితంగా రాదనడానికి ఆ అంకె సాక్ష్యం.

లోటు ఒక్కటే. కథ చిన్నది. ఆరు నెలల పెద్ద ప్రాజెక్టుకు చాలదు.

## నింటెండో వీ యూ: ఇదేదో వీకి విడిభాగం అనుకున్నారు

ఆరింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. కారణం చెప్తాను.

వీ 10 కోట్లు అమ్ముడైన మిషన్. అమ్మమ్మలు కూడా సోఫా ముందు నిలబడి బౌలింగ్ ఆడారు. దాని తర్వాత వచ్చే మిషన్‌కి నింటెండో పెట్టిన పేరు వీ యూ. 2011 జూన్‌లో పరిచయం చేసినప్పుడు తెర మీద అంతా చేతిలో పట్టుకునే గేమ్‌ప్యాడ్‌నే చూపించారు. టీవీ కింద ఉండే అసలు మిషన్ సరిగ్గా కనిపించనే లేదు. జనం ఏమనుకున్నారు? తమ దగ్గరున్న వీకి ఇదేదో కొత్త పలక అని. కొనేవాళ్లకు ఇది కొత్త మిషన్ అన్న సంగతే చేరలేదని ఇవాటా తర్వాత స్వయంగా ఒప్పుకున్నాడు.

పేరు గొడవ చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ వీ కొన్నవాళ్లలో చాలామంది గేమ్ వార్తలు చదివేవాళ్లు కాదు. వాళ్లు షాపులో డబ్బా మీది పేరు చూసి అర్థం చేసుకునేవాళ్లు. ఎవరికి పేరు అన్నిటికంటే ముఖ్యమో వాళ్లకే పేరు అర్థం కాలేదు. 2012 నవంబరులో 299, 349 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. 2014 మార్చితో ముగిసే సంవత్సరానికి 90 లక్షలు అమ్ముతామన్న అంచనాను నింటెండో ఆ జనవరిలో 28 లక్షలకు దించుకుంది. మొత్తం జీవితకాలంలో అమ్ముడైనవి 1 కోటి 35 లక్షలు.

ఇక అసలు రుచి ఇక్కడుంది. 2014లో వీ యూ కోసం మారియో కార్ట్ 8 వచ్చింది. 84 లక్షలకు పైగా అమ్ముడైంది. అంటే మిషన్ ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా కొన్నట్టు. 2017లో దాదాపు అదే గేమును కొద్ది మార్పులతో, నింటెండో తర్వాతి మిషన్ అయిన స్విచ్ మీద అమ్మారు. అది 6 కోట్లు దాటింది. కంపెనీ అదే, గేమ్ దాదాపు అదే, మారింది మిషన్ ఒక్కటే. గేములు బాగాలేక వీ యూ పోయిందనేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు. వ్యాపార చరిత్రలో ఇంత శుభ్రమైన పోలిక అరుదుగా దొరుకుతుంది.

స్విచ్‌ను పరిచయం చేసిన వీడియో కూడా చూడండి. 2016 అక్టోబరులో వచ్చింది, మూడున్నర నిమిషాలు. ఇంట్లో టీవీ మీద ఆడుతున్న మనిషి మిషన్‌ను టీవీకి కలిపే డాక్ నుంచి తీసి చేతిలో పట్టుకుని బయటికి వెళ్తాడు. వివరణ అక్కర్లేదు. మాటలు లేకుండానే వస్తువేమిటో తెలిసిపోతుంది. వీ యూ దగ్గర నేర్చుకున్నదంతా ఆ వీడియోలో ఉంది.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. తప్పంతా పేరు మీదికి నెట్టకండి. వీ ఆడిన మామూలు జనంలో ఎంతోమంది అప్పటికి స్మార్ట్‌ఫోన్ గేముల వైపు వెళ్లిపోయారు. 2011లో వేదిక మీద స్నేహం చాటిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొంతకాలానికే వెనక్కి తగ్గింది. వీటికి కనీసం ఒక అధ్యాయం ఇవ్వాలి.

## ఎక్స్‌బాక్స్ వన్: మాట జారాక

2013 మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించింది. గంట కార్యక్రమంలో టీవీ గురించి, క్రీడా ప్రసారాల గురించి ఎంత మాట్లాడారంటే గేముల కోసం వచ్చినవాళ్లు తెల్లబోయారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. మిషన్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కలవాలి. వాడిన డిస్కులు అమ్ముకోవడం మీద ఆంక్షలు. ఆడేవాళ్ల కదలికలు పట్టే కినెక్ట్ కెమెరా తప్పనిసరి. ధర 499. నెట్ లేనివాళ్ల సంగతేమిటని అడిగితే, వాళ్లకు ఎక్స్‌బాక్స్ 360 ఉంది కదా అన్నట్టు జవాబిచ్చాడు విభాగం అధిపతి డాన్ మాట్రిక్.

జూన్ 10న సోనీ ప్లేస్టేషన్ 4 ధర 399 అని చెప్పింది. గేమ్ డిస్కును స్నేహితుడికి ఎలా ఇవ్వాలో చూపించే చిన్న వీడియో ఒకటి వదిలింది. ఒకడు డిస్కు చాస్తాడు, ఇంకొకడు తీసుకుంటాడు, అంతే. తొమ్మిది రోజుల తర్వాత మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నియమాన్ని, డిస్కుల ఆంక్షలను వెనక్కి తీసుకుంది. జులై 1కి మాట్రిక్ కంపెనీ వదిలేశాడు. కినెక్ట్ లేకుండా 399కి అమ్మడం 2014 జూన్‌లో మొదలైంది.

ఈ కేసు తీసుకునేవాళ్లకు ఒక మాట. మైక్రోసాఫ్ట్ ఆలోచన పూర్తిగా తప్పని రాసేయకండి. కంప్యూటర్ గేముల్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం అప్పటికే డిస్కు లేకుండా అమ్ముతోంది. 2020లో సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ డిస్కు డ్రైవ్ లేని మిషన్లు తెచ్చాయి, జనం కొన్నారు. పైగా నియమాలతో పాటు, కొన్న గేములను పదిమంది కుటుంబ సభ్యులతో పంచుకునే సౌకర్యం కూడా రద్దయిపోయింది. అంటే కొనేవాడికి వచ్చే లాభం చెప్పకముందే పోయేదేమిటో తెలిసిపోయింది. ఆ వరుస తప్పడమే కొంప ముంచింది. ప్రజా సంబంధాలు, జర్నలిజం చదివేవాళ్లు రోజువారీగా ఎవరు ఏమన్నారో పేర్చి చూస్తే ఆ నెలరోజులు చాలు ప్రాజెక్టుకు.

మన ఊళ్ల కళ్లతో చూసినా ఇది ఆసక్తికరమే. 2013లో మన పట్టణాల్లో ఎన్ని ఇళ్లలో రోజూ నమ్మదగిన నెట్ ఉంది? పాత డిస్కు ఇచ్చి, పైన కొంత కలిపి ఇంకో గేమ్ తెచ్చుకునే పిల్లలు ఎంతమంది? ఆ నియమాలు అలాగే ఉండి ఉంటే ఇక్కడ అమ్మకాలు ఏమయ్యేవో ఆలోచించండి.

దీనికి జోడీ కావాలంటే అదే కంపెనీ 2007లో చేసింది చూడండి. ఎక్స్‌బాక్స్ 360లు ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోతుంటే, వారంటీని మూడేళ్లకు పెంచి 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. వస్తువు లోపానికి ఒక దిద్దుబాటు, మాట లోపానికి ఇంకో దిద్దుబాటు. రెండూ ఒకే ఇంట్లోవి.

అంకెల విషయంలో మాత్రం ఇబ్బంది పడతారు. ప్లేస్టేషన్ 4 అమ్మకాలు 11 కోట్ల 70 లక్షలని సోనీ చెప్పింది. ఎక్స్‌బాక్స్ వన్‌కి అలాంటి లెక్క లేదు. సోనీ మిషన్లు తనకంటే రెండింతలకు పైగా ఉన్నాయని 2022లో బ్రెజిల్‌లోని అధికారులకు ఇచ్చిన పత్రాల్లో మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్నంత వరకే.

## జాబితాలో లేనివి కొన్ని

సెమిస్టర్‌లో చిన్న అసైన్‌మెంట్ మాత్రమే ఉంటే ఇంత పెద్ద కేసులు అక్కర్లేదు. దాచిన ఖర్చు మీద రాయాలంటే సోనీ చేతి మిషన్ ప్లేస్టేషన్ వీటా చాలు. మిషన్ 249 డాలర్లు, కానీ దానికి మాత్రమే పనికొచ్చే 32 జీబీ మెమరీ కార్డు దాదాపు 100. డిజిటల్ మార్కెటింగ్ వాళ్లకు 2006 నాటి పీఎస్‌పీ (సోనీ అంతకుముందు చేతి మిషన్) దొంగ బ్లాగు ఉంది. పండక్కి పీఎస్‌పీ కావాలని మారాం చేస్తున్న కుర్రాళ్లలా రాయించారు. ఆ వెబ్‌సైట్ ఒక ప్రకటనల సంస్థ పేరు మీద ఉందని పాఠకులు పట్టేశారు. సోనీ ఒప్పుకోక తప్పలేదు. కళ్లు ఆనించి చూస్తూ ఆడే నింటెండో వర్చువల్ బాయ్‌ను మాత్రం అందరూ తీసుకుంటారు, తీసుకోకండి. ఎరుపు రంగు తప్ప ఇంకేం కనిపించని ఆ పెట్టెలో వాదించడానికి ఏమీ మిగల్లేదు.

## ఎవరికి ఏది

సేల్స్, పంపిణీ, రిటైల్ వైపు వెళ్లేవాళ్లకు సాటర్న్, చివర్లో డ్రీమ్‌కాస్ట్ కలిపి. బ్రాండింగ్, ప్రకటనలు ఇష్టమైతే వీ యూ, స్విచ్ జోడీ. ధరల నిర్ణయం మీద చిన్న ప్రాజెక్టుకు 3డీఎస్. ఫైనాన్స్ కలిసిన స్ట్రాటజీకి ప్లేస్టేషన్ 3. ప్రజా సంబంధాలకు ఎక్స్‌బాక్స్ వన్.

సొంతంగా వస్తువు తయారుచేసి అమ్మాలనుకునేవాళ్లు నన్నడిగితే రెండు చదవమంటాను. ముందు సాటర్న్, ఎందుకంటే చేతిలో సరుకు తక్కువున్నప్పుడు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న మీకు మొదటి నెలలోనే వస్తుంది. తర్వాత 3డీఎస్, ఎందుకంటే ధర తగ్గించాల్సిన రోజు కూడా వస్తుంది, ఆ రోజు పాత కస్టమర్లకు ఏం చెప్పాలో ముందే తెలిసి ఉండాలి. గేమ్ డెవలపర్లు కావాలనుకునేవాళ్లు సాటర్న్, ప్లేస్టేషన్ 3 రెండింటి లోపలి నిర్మాణం పక్కపక్కన పెట్టుకుని చూడండి. పదకొండేళ్ల తేడాతో ఒకే గొయ్యిలో రెండు కంపెనీలు పడ్డాయి.

ఏది తీసుకున్నా లెక్కల్లో రెండు పొరపాట్లు చేయకండి. ఒకటి, కంపెనీలు చెప్పే అంకె చాలాసార్లు షాపులకు పంపినది, జనం కొన్నది కాదు. రెండూ ఒకే గ్రాఫులో కలిపితే మార్కులు పోతాయి. రెండు, 2006 నాటి 599 డాలర్లను ఈనాటి మారకంలో రూపాయల్లోకి మార్చకండి. అప్పుడు డాలరు సుమారు 45 రూపాయలు. ఆనాటి రేటుతో దాదాపు 27 వేలు. ఈ రోజు రేటుతో గుణిస్తే అసలు కథే మారిపోతుంది.

మా మేనకోడలు చివరికి సాటర్న్ తీసుకుంది. నేను వీ యూ అంటానేమో అనుకుందట. కానీ వాళ్ల నాన్న షాపు ఉండగా, ఆ బజారులో పాతికేళ్లుగా వ్యాపారం చేస్తున్న డీలర్లు ఉండగా, ఆ అవకాశం ఇంకొకరికి దొరకదు. అమెరికా కథ పుస్తకాల్లో ఉంది. సరుకు ఆపిన కంపెనీతో షాపువాడు ఏం చేస్తాడన్నది ఆ బజారులోనే ఉంది. ఈ ఆదివారం తెనాలి వెళ్తోంది. పదిహేను షాపులకు పది ప్రశ్నలు రాసుకుంది. మొదటి ప్రశ్న: "మీకు చెప్పకుండా పక్క షాపుకి ముందు సరుకిచ్చిన కంపెనీ ఏదైనా ఉందా? ఆ తర్వాత దాని సరుకు మళ్లీ ఎన్నాళ్లకు పెట్టారు?"